ఆరు కింద ఐదు

ఆ సరస్సు కాలనీలో వీధులను ఒడ్డు నుంచి లెక్కపెడతారు. నీళ్ళను ఆనుకుని ఉన్నది ఒకటో వీధి, దాని వెనక రెండు, ఇంకా వెనక మూడు, అలా తొమ్మిది దాకా. ఎవరు పెట్టారో గానీ చక్కటి పద్ధతి. ఫలానా వీధిలో ఉంటున్నానని చెబితే చాలు, ఆ మనిషి కిటికీలోంచి నీళ్ళు ఎంత కనిపిస్తాయో, ఆ మనిషి ఎంత నీలుగుతాడో రెండూ తెలిసిపోయేవి.

ఈ ఏడాది బిల్డరు నడకదారిని సరస్సు వైపుకి జరిపి, మట్టి పోసి, ఒకటో వీధికి ముందు ఇంకో వరుస ఇళ్ళు లేపాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. నిన్నటిదాకా బాల్కనీలో కూర్చుని బైనాక్యులర్స్‌తో కొంగలను చూసిన ఒకటో వీధివాళ్ళు ఇప్పుడు ఎదురింటివాళ్ళు ఆరేసిన తువ్వాళ్ళు చూస్తున్నారు.

కొత్త వరుసకు ఏం నంబరు పెట్టాలన్నది పెద్ద పేచీ అయింది. 'సున్నా' అన్నారెవరో. ఒడ్డున ఇల్లు కొనుక్కుని సున్నాలో ఉండటానికి ఎవరు ఒప్పుకుంటారు? చివరికి కాలనీ సంఘం సెక్రటరీ తేల్చాడు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. కొత్తది ఒకటో వీధి, మిగతా ప్రతి వీధికీ ఒకటి కలపడం, అంతే, ఐదో క్లాసు పిల్లాడు చేసే లెక్క అని నోటీసు అంటించాడు. ఐదో క్లాసు దాటినవాళ్ళకే చిక్కొచ్చిపడింది.

ఇళ్ళన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. అదే బూడిదరంగు గేటు, అవే మూడు మెట్లు, అదే వరండా. తేడా అల్లా ఇంటి నంబరు, వీధి మొదట్లో ఉన్న రేకు బోర్డు. ఇక 'పాత మూడా కొత్త మూడా' అన్న మాట లేకుండా ఎవరూ ఏమీ చెప్పుకోలేకపోయారు. పాలు ఒకరింటికి, పేపరు ఇంకొకరింటికి పోయాయి. ఒకాయన ఎవరి తలుపులోనో తాళంచెవి దూర్చి, తిరగడం లేదని దాన్ని వంచేసి, తాళాలు బాగుచేసేవాణ్ణి పిలిచి మరీ తిట్టాడు.

ఆ బోర్డులు మార్చే పని పెయింటరు మీద పడింది. ఆయన నాలుగో వీధి ఏడో ఇంట్లో ఉంటాడు. పాత నాలుగు. బోర్డులు రాయడం తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. యాభై ఎనిమిదేళ్ళు వచ్చినా చెయ్యి వణకదు. మనిషి మాత్రం ఆ వారమంతా వణుకుతూనే ఉన్నాడు, ఎందుకంటే శనివారం అక్క వస్తోంది.

అక్క ఆ ఇంటి గడప తొక్కడం అదే మొదటిసారి. అసలు తమ్ముడితో మాట్లాడే పదకొండేళ్ళయింది. బజార్లో ఉన్న షాపు మీద తండ్రి పేరుతో, తండ్రే తన చేత్తో రాసుకున్న బోర్డు ఉండేది. తండ్రి పోయిన ఏడాదికి పెయింటరు దాని మీద తన పేరు రాసుకున్నాడు. వచ్చిన ప్రతివాడూ బోర్డు చూసి పెద్దాయన లేరా అని అడగడం, పోయారండీ అని తాను చెప్పడం. రోజుకు నాలుగైదుసార్లు తండ్రి పోయినట్టుండేది ఆయనకు. తట్టుకోలేక రాశాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అక్క ఒకరోజు షాపుకి వచ్చి, తలెత్తి చూసి, లోపలికి కూడా రాకుండా పేవ్‌మెంటు మీంచే వెనక్కి తిరిగింది. "నాన్నను గీకి పారేశాడు" అని చుట్టాలందరికీ చెప్పింది. షాపు మూతపడి, పెయింటరు ఈ కాలనీకి వచ్చి మూడేళ్ళయినా ఆ మాట ఆయన చెవిలోంచి పోలేదు.

అలాంటి అక్క పోయిన ఆదివారం ఆయన భార్యకు ఫోన్ చేసింది. "శనివారం పదకొండింటి బస్సుకి వస్తాను. ఎదురు రావద్దు, బోర్డులు చూసుకుని నేనే వస్తాను. తలుపు మాత్రం నేను తట్టను. వాడు తలుపు తీసి ఉంచాలి, వాడే గుమ్మంలో ఉండాలి. లేడో, మూడింటి బస్సుకి వెళ్ళిపోతాను. మళ్ళీ ఈ జన్మకి రాను." ఎందుకొస్తోందో చెప్పలేదు. కలుపుకోవడానికా, కడిగేయడానికా? పెయింటరు ఆ వారమంతా ఆలోచించాడు. ఒక పూట కలుపుకోవడానికే అనిపించేది, ఇంకో పూట ఇంతకాలం దాచుకున్న తిట్లు వడ్డీతో సహా అప్పజెప్పడానికి అనిపించేది.

బోర్డుల పని ఆయన కొస నుంచి మొదలుపెట్టాడు. ఒడ్డు నుంచి మొదలుపెడితే ఒకటిని రెండు చేయగానే కాలనీలో రెండు రెండులు ఉంటాయి. కొస నుంచి వస్తే ఏ నంబరూ రెండుసార్లు రాదు. మధ్యలో ఒక నంబరు లేకుండా ఉంటుంది, అంతే. లేని నంబరు వల్ల ఎవరికేం నష్టమనుకున్నాడు. తొమ్మిది పది అయింది, ఎనిమిది తొమ్మిది అయింది, అలా గురువారానికి ఐదు ఆరు అయింది. తర్వాతది తన వీధి. అక్కడ ఆపేశాడు. భార్య అక్కకు అడ్రసు నాలుగని చెప్పి ఉంటుంది కదా, ఆమె వచ్చి వెళ్ళేదాకా నాలుగు నాలుగుగానే ఉండాలని ఆయన తెలివి.

ఇంకో తెలివి కూడా చూపించాడు. పాత అంకె పూర్తిగా గీకి, గరుకు కాగితంతో రుద్ది, రేకు బయటపడ్డాకే కొత్తది రాయాలన్నది తండ్రి పెట్టిన నియమం. అందులోనూ ఎర్ర రంగు మీద తెలుపు పూస్తే అది నిలవదు, కింది ఎరుపు మెల్లగా పైకి తేలుతుంది. ఈ సంగతి పెయింటరుకి తెలియక కాదు. గీకితే బోర్డుకి ఒక పూట పడుతుంది, శనివారం ముంచుకొస్తోంది. ఎవడు చూడొచ్చాడులే అని పాత ఎర్ర అంకెల మీద తెల్లటి పూత ఒకటి కొట్టి, దాని మీదే కొత్త అంకెలు రాసేశాడు.

శనివారం పదింటికే తలుపు బార్లా తీసి గుమ్మంలో నిలబడ్డాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. గోళ్ళ సందుల్లో రంగు పోవాలని టర్పెంటైన్‌తో కడిగి కడిగి వేళ్ళు ఎర్రబడ్డాయి. పదకొండున్నరయింది. పన్నెండయింది. మంచినీళ్ళకి కూడా లోపలికి వెళ్ళలేదు, ఆ నిమిషంలోనే అక్క వస్తే ఏం గతి? అక్కకు ఫోన్ చేయబోతే ఆపి ఉంది. ఆమె తనకు అవసరమైనప్పుడే దానికి ప్రాణం పోస్తుంది, పని కాగానే మళ్ళీ తీసేస్తుంది.

ఒంటిగంటకు ఆయనకు ఒక కాలు తిమ్మిరెక్కింది, మనసుకి తిమ్మిరి ఎక్కడం అప్పటికే పూర్తయింది. రాదు. రానని చెప్పడానికే వస్తానని చెప్పింది కాబోలు.

ఒంటిగంటన్నరకు భార్య వచ్చింది. కాలనీ స్కూల్లో లైబ్రరీ చూస్తుందామె, శనివారం ఒంటిపూట బడి. గుమ్మంలో మొగుణ్ణి, వెనక ఖాళీ ఇంటిని చూసి ఆగిపోయింది.

"వదిన రాలేదా?"

"నాలుగో వీధి దొరకలేదేమో మహాతల్లికి."

"నాలుగేంటండీ? ఐదని చెప్పాను కదా."

పెయింటరుకి మొదట అర్థం కాలేదు. "ఐదెందుకు చెప్పావు?"

"మాస్టారి నోటీసులో శనివారానికల్లా మనది ఐదో వీధి అయిపోతుందని ఉంది. రాసేది మీరే కదా, అయిపోతుందనుకున్నాను. ఐదో వీధి, ఏడో ఇల్లు అన్నాను."

"నువ్వు నాలుగని చెప్పావనుకుని నేను మన బోర్డు ముట్టుకోలేదే."

"నన్ను అడగొచ్చు కదా?"

"నువ్వు చెప్పొచ్చు కదా?"

తిలా పాపం తలా పిడికెడు. కాసేపు ఇద్దరూ ఆ పిడికిళ్ళు మాస్టారి నెత్తిన, బిల్డరు నెత్తిన కూడా పోశారు. అప్పుడు పెయింటరుకి అసలు సంగతి తట్టింది. నాలుగు ఉంది. ఆరు ఉంది. కాలనీ మొత్తం మీద ఐదో వీధి అనేదే లేదు. ఎవరికేం నష్టమనుకున్న నంబరు కోసమే అక్క వచ్చింది.

"నువ్వు గుమ్మంలో నిలబడు" అని భార్యతో చెప్పి, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా పరుగెత్తాడు.

కాలనీ గేటు దగ్గర వాచ్‌మన్ పత్రిక చదువుకుంటున్నాడు. పెద్దావిడ ఎవరైనా వచ్చారా అని అడిగితే, వచ్చారన్నాడు. నల్ల గొడుగు, గుడ్డసంచి.

"ఐదో వీధి ఎక్కడా అన్నారండీ. లేదమ్మా, నాలుగు తర్వాత ఆరే అన్నాను. అదేం లెక్క బాబూ అన్నారు. మాస్టారిని అడగండమ్మా, లెక్క ఆయనదే అన్నాను."

"మళ్ళీ బయటకు వెళ్ళారా?"

"చూడలేదండీ. వెళ్ళారేమో. వెళ్ళలేదేమో."

పెయింటరు బస్టాపుకి వెళ్ళి చూశాడు. ఖాళీ బెంచీ. మాస్టారి ఇంటికి వెళ్తే ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఉన్నాడు. పెద్దావిడెవరూ రాలేదన్నాడు, అయినా ఒకటి కలపడానికి అంత తికమక ఎందుకో తనకు బోధపడటం లేదన్నాడు. పెయింటరు గబగబా మెట్లు దిగి వచ్చేశాడు. నోరు తెరిస్తే పెద్దాయన్ని ఏమంటాడో తనకే తెలియలేదు.

నాలుగో వీధి అటు చివరిదాకా వెళ్ళాడు. మూడులోకి వెళ్ళాడు. మూడులో ఏడో ఇంటి గేటు తోసుకుని వెళ్ళి, వరండాలో కుర్చీ చూసి, ఇది మా ఇల్లే కదా అనుకుని ఒక్క క్షణం నిజంగా తెలివి తప్పినవాడిలా నిలబడ్డాడు. లోపలి నుంచి కుక్క మొరిగింది. తనకు కుక్క లేదు. అంటే ఇది తన ఇల్లు కాదు. ఇరవై అడుగుల దూరంలో ఇల్లు పెట్టుకుని తనకే దారి తప్పితే, పొరుగూరి నుంచి వచ్చిన మనిషి సంగతేమిటి?

సరస్సు మీద పిల్లలు పడవలు నడపడం నేర్చుకుంటున్నారు. తెడ్ల చప్పుడు, ఎవరో ఈల వేయడం వినిపిస్తున్నాయి. వాచీ చూస్తే రెండుంబావు. పెయింటరుకి ఏడుపొచ్చింది. అక్క తిట్టినా బాగుండేది. నిలబెట్టి నాలుగు వీధులకీ వినబడేలా తిట్టి వెళ్ళినా, వచ్చింది కదా అనుకునేవాడు. ఇప్పుడు ఆమె వెతికి వెతికి, తమ్ముడు కావాలనే లేని నంబరు చెప్పించి ఆట పట్టించాడనుకుని, బస్సెక్కి పోతుంది. అది అబద్ధమని చెప్పడానికి ఇంక ఈ జన్మలో వీలుండదు.

ఆరో వీధి మొదట్లో నిలబడి చెమట తుడుచుకుంటూ యథాలాపంగా తలెత్తాడు. తాను గురువారం రాసిన బోర్డు. రెండు రోజుల ఎండకే తెల్ల పూత గులాబిరంగుకి తిరిగింది. ఆరు బాగానే ఉంది. ఆరు కింద, ఆరు పొట్టలోంచి, పలచగా ఎర్రగా ఐదు కనిపిస్తోంది.

దారిన పోయేవాళ్ళకు కనిపించదది. మరక అనుకుంటారు. కానీ చిన్నప్పటి నుంచి తండ్రి పక్కన నిలబడి రంగు డబ్బా అందించిన మనిషికి కనిపిస్తుంది. పాత బోర్డుల దగ్గర ఆపి, పైన ఏముందో కాదు, కింద ఏముందో చదవండి అని తండ్రి ఇద్దరికీ పందెం పెట్టేవాడు. ప్రతిసారీ అక్కే గెలిచేది.

పెయింటరు ఆ వీధిలో ఏడో ఇంటికి పరుగెత్తాడు.

తలుపు బార్లా తీసి ఉంది. వరండాలో రంగు డబ్బాలు, నానబెట్టిన బ్రష్షులు. పై మెట్టు మీద అక్క కూర్చుని చెప్పులు తొడుక్కుంటోంది. జుట్టు మొత్తం తెల్లబడింది. అది ఆయన ఊహించలేదు.

"ఇప్పుడా రావడం?" అంది తలెత్తకుండా. "తలుపు తీసి పెట్టావు, నువ్వు లేవు. సగం మాట నిలబెట్టుకున్నావు కదా అని రెండున్నర దాకా చూద్దామనుకున్నాను."

"ఇది మనిల్లు కాదక్కా."

"కాకపోవడమేంటి? రంగు డబ్బాలున్నాయి."

"పిల్లలకు పడవలు నేర్పే టీచరమ్మ ఇల్లు ఇది. తెడ్లకు వార్నిష్ వేసుకుంటోంది. వాసన పోవాలని తలుపు తీసి వెళ్ళుంటుంది."

అక్క బ్రష్షుల వైపు చూసింది. "అనుకున్నాను. కుచ్చు కిందకి పెట్టి నిలబెట్టి, వెంట్రుకలు వంగిపోయేలా నానేసింది. నువ్వు ఎంత చెడినా అలా చెయ్యవులే అని ఇందాకటి నుంచి ఒకటే అనుమానం."

"బోర్డు మీద ఆరు ఉంది కదా, ఎందుకొచ్చావు?"

"పైన ఆరు. కింద ఐదు. మీ ఆవిడ ఐదంది. నాన్న పెంచిన మనిషిని, పైనున్నది ఎందుకు నమ్ముతాను?" చెప్పు పట్టీ బిగించుకుని తలెత్తింది. "గీకకుండా రాశావు."

"అవును."

"ఎరుపు మీద తెలుపు కొట్టావు."

"అవును."

"నాన్న ఉంటే వీపు విమానం మోత మోగేది."

పెయింటరు నవ్వబోయాడు, కుదరలేదు. అక్క మెట్ల మీద, తాను గేటు దగ్గర. మధ్యలో ఎవరిదో మూరెడు పూలతోట. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేననిపించింది. పనివాడికి అంతకన్నా సిగ్గుచేటు మాట ఇంకోటి లేదు, అందుకే పదకొండేళ్ళు నోటికి రాలేదు.

"షాపు బోర్డు కూడా గీకలేదక్కా."

అక్క రెండో చెప్పు తొడుక్కోబోయి ఆగింది.

"రెండు గంటలు స్క్రాపర్ పట్టుకుని నిచ్చెన మీద నిలబడ్డాను. నాన్న పేరు మీద చెయ్యి రాలేదు. అలాగే పైన తెలుపు కొట్టి నా పేరు రాసుకున్నాను. గీకేశానని నువ్వు అందరితో అన్నావు. గీకలేదని చెబితే, నాన్న దగ్గర నేర్చుకుని ఇదా నీ పని అంటారు. గీకేశాననుకోవడమే నయమనుకున్నాను."

"మరి ఇక్కడెందుకు గీకలేదు?"

"ఇక్కడ బద్ధకం."

అక్క చీర చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియక పెయింటరు గేటు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అంతలో వెనక ఈల మెడలో వేసుకుని, మోకాళ్ళదాకా తడిసిన ప్యాంటుతో పడవల టీచరమ్మ వచ్చింది. తన మెట్ల మీద ఒక పెద్దావిడ, తన గేటు దగ్గర పెయింటరు, ఇద్దరి కళ్ళలోనూ నీళ్ళు.

"ఏమైందండీ?" అంది కంగారుగా. "ఇంటి నంబర్లు కూడా మార్చేస్తున్నారా?"

పెయింటరు అక్కను వెంటబెట్టుకుని తన వీధికి వచ్చేసరికి భార్య గుమ్మంలోనే నిలబడి ఉంది, చెప్పిన చోటు నుంచి అంగుళం కదల్లేదు. "రండి వదినా" అని చెయ్యి పట్టుకుంది. అక్క ఆమెకు సంచి ఇచ్చి, గొడుగు ఇచ్చి, కూర్చోమంటే కూర్చోకుండా అడిగింది.

"ఆ బోర్డు ఎక్కడుంది?"

ఇంటి వెనక రేకుల పందిరి కింద ఉంది. నాలుగు ఇటుకల దిమ్మల మీద పడుకోబెట్టి మూడేళ్ళుగా పనిబల్లగా వాడుకుంటున్నాడు. పెయింటరు డబ్బాలు ఒక్కొక్కటీ తీసి కింద పెట్టాడు, పాత పేపర్లు తీశాడు, తడిగుడ్డతో తుడిచాడు. నీలంతో రాసిన తన పేరు. దాని కింద, పదకొండేళ్ళు మెల్లగా పైకి తేలుతూ వచ్చిన ఎర్రటి అక్షరాలు. తన పేరు కంటే అవే పెద్దవి. ఒక్కో అక్షరం మీద తలకట్టు, బ్రష్షు ఆపకుండా ఒక్క విసురులో పెట్టింది.

అక్క ఒంగి ఆ తలకట్టు మీద వేలు పెట్టింది. చాలాసేపు తీయలేదు.

"మా వీధిలో టైలర్ షాపు బోర్డు ఒకటుండేది" అంది చివరికి. "నాన్న రాసినవాటిలో అదొక్కటే మిగిలింది. రోజూ దాని ముందు నుంచే నడిచేదాన్ని. పోయిన నెల తీసేసి లైట్ల బోర్డు పెట్టారు. నాన్న చేతిరాత చూడాలంటే ఇంక ఎక్కడికి పోవాలో తెలియలేదు. నీ రాత అచ్చం నాన్నలాగే ఉంటుంది కదా. పోనీ అదైనా చూద్దామని వచ్చాను."

భార్య టీ తెచ్చి, ఇద్దరినీ చూసి, ఆ బోర్డు మీదే ఒక మూల కప్పులు పెట్టింది. మూడింటి బస్సు గేటు ముందు నుంచి హారన్ కొట్టుకుంటూ పోయింది. అక్క విననట్టే ఊరుకుంది.

"మళ్ళీ వచ్చినప్పుడు ఏ నంబరుకి రావాలిరా?" అంది టీ తాగుతూ.

"ఐదుకి. సోమవారం మార్చేస్తాను." కాసేపు ఆలోచించాడు. "ఆరు కూడా కావచ్చు. బిల్డరు ఒడ్డున ఇంకో వరుస వేస్తాడంటున్నారు. ఇప్పుడే చెప్పలేం."

"ఏదైనా రాసుకో" అంది అక్క. "గీకకుండా రాయి. కిందది చదువుకుని నేనే వస్తాను."